మేస్టారి ఎడమ చెయ్యి

పరగడుపున షుగరు పరీక్ష చేయించుకోవడానికి గోపాలపట్నంలో మా వీధి చివరి ల్యాబుకు వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి కొత్తగా చేరినట్టుంది. రబ్బరు పట్టీ మోచేతి పైన బిగించి, "ఆర్టీసీ బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పిడికిలి బిగించండి సార్. డ్రైవరు బ్రేకేసీసినాడనుకోండి" అంది. తర్వాత కళ్ళు పక్కకి తిప్పుకుని, నా మోచేతి మడత మీద చూపుడువేలితో మెల్లగా తడిమింది.

"కళ్ళతో కాదు, వేలితో వెతకాలి. అంతేనా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "మీకెలా తెల్సండి? మా మేస్టారి మాటది."

"నాకూ తెలుసులే ఆయన."

"అయితే మీకు కబురు తెల్దేటండి? పోయినోరం పోనారు. లివరు పాడైపోనాదంట. గురువారం పెద్దకర్మంట." అలా అంటూనే సూది దించింది. బాగా దించింది, చీమ కుట్టినంత కూడా లేదు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలెవరూ నొప్పి పుట్టించరు.

అయ్యో అనాలి. బిల్లెంతని అడిగాను. దూది అదుముకుని బయటికొచ్చి, ల్యాబు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆయనతో మా పరిచయం మా చెల్లెలి కూతురు ఝాన్సి వల్ల. చీపురుపల్లి దగ్గర పల్లె వాళ్ళది, వ్యవసాయం. ఇంటర్ బైపీసీ అయ్యాక నర్సింగు వద్దంది, డిగ్రీ వద్దంది. రెండేళ్ళ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదువుతాను, అవగానే నా కాళ్ళ మీద నేను నిలబడతాను అంది. మా ఇంట్లో ఉండి చదివింది. ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరు పైన, రెండో అంతస్తులో వాళ్ళ పారామెడికల్ కాలేజీ. చేర్చడానికి నేనే తీసుకెళ్ళాను.

అక్కడ వరండాలో బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పొట్టి చేతుల తెల్లచొక్కా. ఎడమ మోచేతి మడతలో నేరేడుపండు మరకల్లా నల్లగా కమిలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చిగా. రోగి అనుకున్నాను. నేను అటే చూడటం గమనించి ఆయన గట్టిగా నవ్వాడు.

"ఏటి బావా, అలగ సూస్తన్నావు? ఇది నా బ్లాక్‌బోర్డు. పిల్లలు రాస్తారు, నాను తుడిచీసుకుంటాను."

మొదటి చూపులోనే బావా అన్నాడు. ఆయన అందరినీ అలాగే పిలిచేవాడు, కాలేజీ యజమానిని కూడా.

సంగతేమిటంటే, రక్తం తియ్యడం నేర్చుకునే పిల్లలకు ముందు ప్లాస్టిక్ చెయ్యి మీద అలవాటు చెయ్యాలి. ఆ కాలేజీవాళ్ళు ప్లాస్టిక్ చెయ్యి కొనలేదు. ప్రతి బ్యాచికీ ఆయన తన ఎడమ చెయ్యి చాపేవాడు. వణికిపోతూ వచ్చే పిల్ల, ఏడుపు మొహంతో వచ్చే పిల్లాడు, అందరి మొదటి సూదీ ఆయన నరంలోనే. ఆ తర్వాతే ఒకరి చెయ్యి ఒకరు పొడుచుకోవాలి. ప్లాస్టిక్ చెయ్యి కొనమని యజమానిని గట్టిగా అడగరాదా అని ఒకసారి అన్నాను.

"దానికి నోరుంటాదేటి బావా? అబ్బా అనదు. ఎదుటోడు అబ్బా అంటేనే గానీ మన సెయ్యి నేర్సుకోదు."

ఆయనకో పిచ్చి ఉండేది. ఎవరిని చూసినా ముందు చేతులు చూసేవాడు. ఆయన ఇల్లూ గోపాలపట్నమే. ఆదివారం పొద్దున్న ఇద్దరం కూరల బజారుకు వెళ్ళేవాళ్ళం. బెండకాయలు తూచే ఆమె ముంజేతులు చూసి, "ఎంత సక్కటి నరాలో సూడు బావా. కళ్ళు మూసుకుని తీసీవచ్చు" అనేవాడు. ఆమె "ఏటి మేస్టారూ, బెండకాయలు సూడకుండా నా సేతులు సూస్తన్నారు?" అని దెప్పితే, "బెండకాయలకి నరాలుండవు కదే" అనేవాడు. సిటీబస్సులో నిలబడితే పైకడ్డీ పట్టుకున్న చేతులన్నిటికీ మార్కులు వేసేవాడు. ఆ బస్సులోంచే వచ్చింది ఆ కడ్డీ మాట. ఇవాళ ఈ ఊళ్ళో ఎన్ని ల్యాబుల్లో ఆ మాట చెప్పి రక్తం తీస్తున్నారో.

చేతి తొడుగుల విషయంలో మాత్రం చండశాసనుడు. రాత్రి భోజనాల దగ్గర ఝాన్సి ఆయన్ని అనుకరించి చూపిస్తే మేం పొట్టపట్టుకుని నవ్వేవాళ్ళం. గొంతు బొంగురు చేసి, వేలు ఆడిస్తూ, "నా సెయ్యే కదా అని వొట్టి సేతుల్తో వచ్చీసినావేటే గుంటా? ఎవల రక్తమైనా జబ్బు రక్తమే అనుకోవాల. మీ అమ్మదైనా సరే. నాదైనా సరే" అనేది. క్లాసంతా ఆ చివరి ముక్క ఆయనతో కలిసి పాటలా అనేవారట.

ఝాన్సి బెంచీలో పక్కన దుర్గ కూర్చునేది. యారాడ పిల్ల, వాళ్ళ నాన్నకు పడవ ఉంది. మేస్టారికి ఇష్టమని కానాగంత చేపల పులుసు డబ్బాలో తెచ్చేది. ఆ పిల్ల మొదటిసారి ఆయన చెయ్యి పొడిచినప్పుడు నరం దొరక్క లోపలే అటూ ఇటూ తిప్పిందట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి కదపలేదు. "మీ నాయిన వలేసినట్టు ఎయ్యకే తల్లీ. ఇక్కడ ఒక్కటే సేప ఉన్నాది" అన్నాడట. దుర్గకు ఆయనంటే ప్రాణం. అందరికీ అంతే. నాకూ అంతే.

మొదటి ఏడాది సగంలో ఒక మధ్యాహ్నం, ఝాన్సి ఆయన చేతినుంచి రక్తం తీసింది. చక్కగా వచ్చింది. ఆ సంతోషంలో చెయ్యకూడని పని చేసింది. వాడిన సూదికి మూత తిరిగి పెట్టబోయింది. ఆ పని చెయ్యొద్దని ఆయన రోజూ చెప్పేవాడు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసే తప్పే అది. పెన్నుకి మూత, సీసాకి మూత, డబ్బాకి మూత పెట్టమని చిన్నప్పట్నుంచీ ఇంట్లో నేర్పిన చేతులు కదా. సూది మూత అంచు తప్పి, తొడుగులోంచి బొటనవేలిలో దిగింది.

మేస్టారు గబుక్కున లేచి, పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, తనే సబ్బు రాసి, వేలు నీళ్ళ కింద చాలాసేపు పట్టుకున్నాడు. ఝాన్సి భయంగా చూస్తే, "ఏటీ కాదు తల్లీ. బయటోల సూదైతే బయపడాల గానీ, ఇది నా రక్తమే కదా" అన్నాడు. పిల్ల నవ్వేసింది. ఇంటికొచ్చి మాకు చెప్పినప్పుడు మేమూ నవ్వాం.

అలా జబ్బు రక్తం అంటిన సూది గుచ్చుకుంటే ఒక్కరోజులోపల వేసుకునే ఇంజెక్షను ఉంది. అది పడితే కామెర్ల వైరసు, వాళ్ళు హెపటైటిస్ బి అంటారు, ఒంట్లో నిలవకుండా ఆపొచ్చు. ఆ సంగతి క్లాసులో పాఠం చెప్పింది ఆయనే. పిల్లలకు ముందే వెయ్యాల్సిన టీకాలు వేయిస్తాం వేయిస్తాం అంటూ కాలేజీవాళ్ళు నెట్టుకొస్తున్నారు.

రెండు నెలలు దాటాక ఝాన్సికి అన్నం సయించడం మానేసింది. పరీక్షల బెంగ అనుకున్నాం. ఆ రోజుల్లోనే వాళ్ళకు ఒక ప్రాక్టికల్ వచ్చింది. ఎవరి రక్తం వాళ్ళు చిన్న కార్డు మీద వేసి ఆ కామెర్ల వైరసు ఉందో లేదో చూడాలి. ఒక గీత వస్తే లేనట్టు, రెండు గీతలొస్తే ఉన్నట్టు. పిల్లలు అలవాటుగా "ముందు మీది మేస్టారూ!" అని అరిచారు. ఆయన ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, "ఈ రోజు దీనికి సెలవు" అన్నాడు. అందరూ నవ్వారు.

ఝాన్సి కార్డు మీద రెండు గీతలొచ్చాయి.

ఆయన ఆ కార్డు తీసుకుని కిటికీ వెలుతురులో వంచి చూసి, "పాత స్టాకు. తేదీ దాటిపోనాది" అని ఎర్ర బక్కెట్లో పడేశాడు. కానీ దుర్గ తీసుకున్న కార్డూ ఆ పెట్టెలోదే. దానికి ఒక్క గీతే వచ్చింది. ఝాన్సికి అనుమానం వచ్చి, సాయంత్రం నాతో చెప్పింది. బయట ల్యాబులో చూపిస్తే కార్డు అబద్ధం చెప్పలేదని తేలింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాసుపత్రిలో లివరు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వరండాలో జనం. మందులిచ్చే కిటికీ దగ్గర వరసలో, తలకి తువ్వాలు చుట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ఆమె గట్టిగా కేకలేస్తోంది.

"మేస్టారూ! నెల నెలా రమ్మంటే మీకు బుద్ది పుట్టినప్పుడు వస్తారేటి? ఇన్నేళ్ళనుంచీ సెప్తన్నాను, ఈ మాత్తర మానకూడదని. లివరు మీదా నాదా?"

ఆయన మందులు తీసుకుని వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. తువ్వాలు తీసేశాడు. ఇంక దాచడానికేం లేదనుకున్నాడో, పిల్ల ముందు తలకి గుడ్డ ఉండటం బాగోదనుకున్నాడో.

ఝాన్సి అరవలేదు. నాతో మాట్లాడినంత మెల్లగానే అడిగింది.

"సూది గుచ్చుకున్న రోజు మీకు తెల్సు కదా మేస్టారూ?"

"తెల్సు."

"ఆ రోజే సెప్పుంటే ఇంజెక్షనున్నాది కదా. మీరే కదా పాఠం సెప్పినారు."

"నోటిదాకా వచ్చినాది తల్లీ. కుళాయి కాడ నీ సెయ్యి పట్టుకున్నప్పుడు నోటిదాకా వచ్చినాది. అప్పుడు నువ్వు నవ్వినావు." తువ్వాలు మడత పెడుతూ అన్నాడు. "సెప్పీత్తే మీరు నన్ను సూసే సూపు పోతాది. అది లేకపోతే నా దగ్గరింకేటున్నాది?"

"తెలిసీ చెయ్యెందుకు ఇచ్చారు?" అన్నాను నేను.

"ఇయ్యడం మొదలెట్టినప్పుడు తెల్దు బావా. తెలిసినాక మానడానికి ఏ సాకూ దొరకలేదు. ఇన్నాళ్ళూ ఇచ్చినోడు ఇప్పుడెందుకు ఇయ్యడం లేదని అడగరేటి? అందుకే తొడుగుల కాడ అంత గట్టిగా ఉండీవోణ్ణి."

ఆ క్షణంలో నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది. ఝాన్సి ఆయన్ని తిట్టలేదు, కాలేజీకి చెబుతానని బెదిరించలేదు. ఒక్కటే అడిగింది.

"సోమవారం క్లాసులో సెప్పండి మేస్టారూ. మీ సెయ్యి పొడిసినోళ్ళందరూ టెస్టు సేయించుకోవాల. ఇంకెవలికైనా ఉన్నాదేమో."

ఆయన పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. "సెప్తాను. నీమీదొట్టు."

సోమవారం చెప్పాడు.

ఝాన్సి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో కూలబడింది. మా ఆవిడ మంచినీళ్ళిస్తే తాగి, జరిగింది చెప్పింది.

ఆయన క్లాసులోకి వచ్చి హాజరు వేశాడు. తర్వాత, "మన పిల్లల్లో ఒకలికి కామెర్ల వైరసు ఉన్నట్టు తేలినాది. ఎవలో సెప్పను, సెప్పకూడదు. ఒకల సెయ్యి ఒకలు పొడుసుకున్నారు కాబట్టి అందరూ బేగి టెస్టు సేయించుకోండి" అన్నాడు. పేరు చెప్పకపోతేనేం? వారం కిందటి రెండు గీతలు అందరూ చూశారు. తలలన్నీ ఒక్కసారి ఝాన్సి వైపు తిరిగాయి. దుర్గ బెంచీ మీద తన సంచి అవతలికి లాక్కుంది.

ఝాన్సి లేచి నిలబడి, "మేస్టారూ, మీ సంగతి కూడా సెప్పండి" అంది.

ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత ఎంతో మెత్తగా, "పాపం, కంగారులో ఉన్నాది. ఎవలూ దాన్ని ఏటీ అనకండి" అన్నాడు.

అప్పుడు ఝాన్సి ఆసుపత్రిలో చూసిందంతా చెప్పేసింది. ఒక్కరూ నమ్మలేదు. దుర్గే ముందు లేచింది. "సొంత సెయ్యిచ్చి నేర్పినోడి మీద నిందేత్తావేటే? నీకు ఎక్కడినుంచి అంటుకున్నాదో ఎవలికి తెల్సు?"

ఆ సాయంత్రమే నేను ఆయన ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. ఎప్పుడూ అలా చెయ్యలేదు. లోపల ఆయన భార్య కూర తరుగుతూ తల ఎత్తలేదు.

"అందరూ టెస్టు సేయించుకుంటన్నారు కదా బావా. అమ్మాయి అడిగినాదదే కదా."

అటునుంచటే తిరిగి వచ్చేశాను. తర్వాత బజారులో ఎదురైనా మాట్లాడలేదు. ఆయన అన్నది ఒక లెక్కన నిజమే. పిల్లలందరూ పరీక్ష చేయించుకున్నారు, ఇంకెవరికీ లేదని తేలింది. చాలా రోజుల తర్వాత గానీ మిగతా సగం నాకు అర్థం కాలేదు. ఆ సోమవారం నుంచి ఆయన చెయ్యి ఇవ్వడం మానేశాడు. కారణం కూడా అందరికీ చెప్పుకున్నాడు. పిల్లల్లో ఒకరికి జబ్బుంది కదా, ఇంక ఎవరూ ఎవరినీ పొడవకూడదు అని. అన్నేళ్ళుగా వెతికినా దొరకని సాకు ఆయనకు దొరికింది. మా పిల్లే ఆ సాకు. కాలేజీవాళ్ళు కూడా అప్పుడే ప్లాస్టిక్ చెయ్యి కొన్నారు.

నేను పేపరు ఉద్యోగంలో ఎందరో అబద్ధాలకోర్లను చూశాను. వాళ్ళ మీద నాకెప్పుడూ ఇంత కోపం రాలేదు, ఎందుకంటే వాళ్ళెవరూ నాకు ఇష్టమైనవాళ్ళు కాదు. ఈయన విషయంలో ఇష్టం పోదు, కోపమూ పోదు. రెండూ ఒకే చోట ఉంటాయి.

పెద్దవాళ్ళకు అంటుకుంటే చాలామందికి దానంతటదే పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఝాన్సికీ అలాగే పోయింది. ఇంక లేదని తేలిన రోజు ఆ కాగితం పట్టుకుని సంబరంగా కాలేజీకి వెళ్ళింది. "ఇదీ పాత స్టాకేమోలే" అన్నారట వెనక బెంచీలోంచి. మిగిలిన చదువంతా ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుని చదివింది. ప్లాస్టిక్ చేతి మీదా, తర్వాత ఆసుపత్రిలో రోగుల చేతుల మీదా పని నేర్చుకుంది; క్లాసులో ఎవరూ ఆమెకు చెయ్యి కూడా తగలనివ్వలేదు. ఇప్పుడు గాజువాకలో ఒక ల్యాబులో చేస్తోంది. మంచి పేరుంది. ఆ కడ్డీ మాట మాత్రం ఎప్పుడూ అనదు.

ల్యాబు మెట్ల మీద కూర్చుని ఆమెకే ఫోన్ చేశాను. పోయాడని చెప్పాను.

"పెద్దకర్మ ఎప్పుడు మావయ్యా?"

"గురువారంట. ఎందుకు?"

"ఎల్దాం."

గురువారం గోపాలపట్నంలోనే చిన్న ఫంక్షన్ హాల్లో భోజనాలు పెట్టారు. దండ వేసిన ఫొటో. పాత బ్యాచిల పిల్లలు చాలామంది వచ్చారు. ఎవరి పక్కకి వెళ్ళినా ఆయన మాటలే చెప్పుకుని నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఝాన్సిని చూసి కొందరు తలాడించారు. కొందరు ఆడించలేదు. నేను చెవిలో, "ఇప్పుడు చెప్పెయ్యవే, ఇంక ఆయనకి పోయేదేముంది?" అన్నాను.

"ఒకసారి సెప్పినాను కదా మావయ్యా."

భోజనాల బల్ల దగ్గర పింగాణీ ప్లేట్లు దొంతరగా పెట్టి ఉన్నాయి. ఝాన్సి చెయ్యి చాపబోతుంటే దుర్గ గబగబా వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో ఒక కాగితం ప్లేటు.

"ఝాన్సీ, నీకోసం ఇది అడిగి తెచ్చినానే. ఏటీ అనుకోకు. సిన్నపిల్లలున్నారు కదా."

"నాకు పోయి ఏళ్ళయింది. అసలు పళ్ళేలకి అంటదే ఇది. పరీక్షలో నువ్వూ రాసినావు, నానూ రాసినాను."

"పరీక్షలో రాసేది వేరు, ఇంట్లో పిల్లలు వేరు. నీకు పెళ్ళై పిల్లలుంటే తెల్సును."

"మరి మేస్టారు నీ పులుసు డబ్బాలో సెయ్యెట్టి తినీవోరు కదే?"

"ఆయనకేటే? ఆయనకి జబ్బు లేదు కదా."

ఎవరు వద్దన్నా వినకుండా అన్నం వడ్డిస్తున్నది మేస్టారి భార్య. ఆ మాట ఆవిడకు వినబడింది. గరిటె పైనే ఆగిపోయింది. ఝాన్సి ఆవిడ మొహంలోకి చూసింది, అడగకుండా అడిగినట్టు. ఆవిడ పెదాలు కదిలాయి. తర్వాత పక్కనున్నాయన వైపు తిరిగి, "అన్నం ఎయ్యమంటారా బాబూ?" అంది.

ఝాన్సి కాగితం ప్లేటు రెండుగా మడిచి చెత్తబుట్టలో వేసింది. దొంతరలోంచి పింగాణీ ప్లేటు తీసుకుని ఆవిడ ముందు పట్టుకుంది. ఆవిడ తల వంచుకుని వడ్డించింది. ఝాన్సి హాలు మధ్యలో కుర్చీ లాక్కుని, తొందరేం లేకుండా, పెరుగన్నం దాకా తింది. ఆమె చుట్టూ కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

తిన్నాక లేచి, గోడవార తొట్టి దగ్గరికి వెళ్ళింది. అందరూ తిన్న ప్లేట్లు సబ్బునీళ్ళలో నానుతున్నాయి. తన ప్లేటు వాటి మధ్యలోకి దించి, అడుగుకంటా నొక్కి, చెయ్యి కడుక్కుని బయటికి నడిచింది.

దుర్గ తన ఎంగిలి ప్లేటు పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ తొట్టి దగ్గర అలాగే నిలబడిపోయింది.